గుట్టరాజు గద్దెక్కిన పగలు

నిరుడు ఎండాకాలం చివర్లో, ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోలో, ప్లైవుడ్‌తో చేసిన గద్దె మీద నేను మా బావ పక్కన రాణినై కూర్చున్నాను. అప్పటికి నాకు డెబ్బై రెండేళ్లు. మూతి మీద మీసం ఉంది, నోట్లో పళ్లు సగం లేవు. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. తిప్పి తిప్పి రాయడం తెలియదు. జరిగింది జరిగినట్టే రాస్తాను, నా తప్పుతో సహా.

మాది షేక్‌పేట పాత ఊరు. ఇప్పుడు ఫ్లైఓవర్ మీద దూసుకుపోయేవాళ్లకు కింద ఒక ఊరుందనే తెలియదు. మా చిన్నతనంలో ఈ జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ అంతా బండరాళ్లు, సీతాఫలం పొదలు. మేకల్ని తోలుకొచ్చేవాళ్లం. ఎండ ముదిరితే ఏనుగంత బండ నీడన పడుకునేవాళ్లం.

మా ఊరికి ఒక ఆట ఉండేది. గుట్టరాజు ఆట అనేవాళ్లం. మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఆడరు. ఈ గుట్టల్ని ఏలే రాజు, కరువొచ్చిన ఏడు బావి నీళ్లు అందరికీ సమానంగా పంచాలంటాడు. అన్నందుకు సొంత తమ్ముడే వెళ్లగొడతాడు. రాణిని వెంటబెట్టుకొని రాళ్లల్లో పడి తిరుగుతాడు. చివరికి ఊరే కదిలిపోయి, బతిమాలి, తీసుకొచ్చి గద్దె మీద కూర్చోబెడుతుంది. కథ ఇంతే, కానీ తొమ్మిది రోజులు ఆడేవాళ్లం. చేతుల్లో చిరుతలుండేవి. గుప్పెట్లో ఇమిడే రెండు చెక్కముక్కలకు అంచున చిన్న గజ్జెలు కడితే అవి చిరుతలు. వాటిని కొడుతూ, గుండ్రంగా తిరుగుతూ పాడేవాళ్లం.

ఈ ఆటలో చెయ్యి పెట్టని ఇల్లు లేదు. చిరుతలు వడ్రంగి ఇంటివి. రంగులు కలిపే చిప్పలు కుమ్మరి ఇంటివి. హార్మోనియం సాయిబుగారిది. పీర్ల పండుగకు మా ఇళ్లవాళ్లు పోయి నిప్పుల గుండం తవ్వితే, ఆటకు ఆయన వచ్చి తొమ్మిది రోజులూ హార్మోనియం వాయించేవాడు. వేషాలకు చీరలు బట్టలుతికే మామ తెచ్చేవాడు, ఉతకడానికొచ్చిన మూటల్లోంచి. ఒక ఏడు నేను రాళ్లల్లో ఏడుస్తూ పాట ఎత్తుకోగానే, జనంలోంచి ఒకామె లేచి, “అగో, అది నా పెండ్లి చీర! నేల మీద పొర్లకు, బాడ్‌కవ్!” అని అరిచింది. మిగతా ఏడుపంతా నిలబడే ఏడ్చాను.

అవును, రాణి వేషం నాదే. పదహారో ఏట మొదలుపెట్టాను. గొంతు సన్నం, జుట్టు నడుము దాకా. రాజు వేషం మా అక్క మొగుడిది. తొమ్మిది రోజులూ అక్క నన్ను తమ్ముడని పిలిచేది కాదు, సవతీ అనేది. “ఏమే సవతీ, నా మొగునితోని రాళ్లల్ల తిరిగి ఆకలైందా? రా, తిను” అని అన్నం పెట్టేది. సాయిబుగారు రాణీసాబ్ అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని.

ఇక కట్టుబాటు సంగతి. మొదటి రోజు రాజు వేషగాడి కుడి మణికట్టుకు పసుపు దారం కడతారు. అది కంకణం. అది ఉన్నన్నాళ్లూ చెప్పులు తొడగకూడదు, మాంసం ముట్టకూడదు, మంచమెక్కకూడదు. తొమ్మిదో రోజు రాజు గద్దె మీద కూర్చోగానే పాట ఎత్తుతారు. ఆ పాటలో రాణిని మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకు రాణి వచ్చి ఎడమపక్కన కూర్చొని, అందరూ చూస్తుండగా కంకణం విప్పుతుంది. ఇంకొకరు విప్పకూడదు. ఆ పాట ఏడాదికి ఒక్కసారే. దాంతో ఆ ఏటికి ఆట ముగిసినట్టు.

ఇప్పుడు నా తప్పు.

నాకు ముప్పై ఆరేళ్లప్పుడు, తొమ్మిదో రోజు పొద్దున, మెయిన్ రోడ్డు మీద ఒక లారీ ఆగింది. షూటింగ్‌కు జనం కావాలట, జాతర సీనట. ఎక్కాను. డబ్బుకు ఆశపడి కాదు. ఇరవై ఏళ్లు చీర కట్టి కట్టి విసిగిపోయాను. ఒక్కసారైనా మీసం పెట్టుకొని, మగాడిలా కెమెరా ముందు నిలబడాలనిపించింది. పొద్దు వాలేలోగా వస్తాననే అనుకున్నాను. ఒకసారి ఆ గుంపులో నిలబడితే సీను అయ్యేదాకా వదలరని నాకేం తెలుసు? వెళ్లిపోబోతే గేటు దగ్గర ఆపేశారు. మర్నాడు పగలు పన్నెండింటికి వదిలారు.

పరుగెత్తుకుంటూ వచ్చాను. ఆటస్థలంలో మనిషి లేడు. గద్దె కింది మెట్టు మీద బావ ఒక్కడే కూర్చున్నాడు. మొహం మీద రంగు చెమటకు కారి మెడ మీద ఎండిపోయింది. మూడుసార్లు పిలిచారట. రాణి రాలేదు. జనం లేచి వెళ్లిపోయారు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“వచ్చినవా?” అన్నాడు. “ఏమన్న తిన్నవా?”

అంతే. ఆ మాట తప్ప, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆట నేర్పిన గురువు ఆ రోజే చిరుతలు చూరులో దోపాడు. మళ్లీ తియ్యకుండానే పోయాడు. తప్పు మీదంటే మీదని ఇళ్ల మధ్య మాటలు పెరిగాయి. వచ్చే ఏడు ఆడదామన్న మాట నాలుగేళ్లు మాటగానే ఉంది. అయిదో ఏట ఆటస్థలం ప్లాట్లయింది. గద్దె రాళ్లను ఎవరిదో ఇంటి పునాదిలో వేశారు. ఏ ఇల్లో నాకు తెలుసు. ఇప్పుడు దాని కింద బిర్యానీ హోటలుంది.

బావ కంకణం మాత్రం అలాగే ఉండిపోయింది. దారం పాతబడితే దాని మీదే కొత్తది చుట్టుకునేవాడు. జూబిలీ హిల్స్‌లో ఒక బంగళాలో తోటపని. మే నెలలో తారు రోడ్డు మీద వట్టి కాళ్లతో గుట్ట ఎక్కిపోయేవాడు. బంగళా అమ్మగారు జాలిపడి మూడుసార్లు చెప్పులు కొనిచ్చింది. మూడుసార్లూ గేటు దగ్గరే పెట్టి వచ్చాడు. ఇంట్లో చాప మీద పడుకునేవాడు, అక్క మంచం మీద. ముప్పై ఆరేళ్లు. అక్క నా మొహం మీదే అనేది, “నీ పుణ్యాన సంసారం సల్లగున్నది సవతీ. గోడ దిక్కు నేను పంటున్న, తలుపు దిక్కు నీ రాజు.” నవ్వుతూనే అనేది. నేను మాత్రం నవ్వడం మానేశాను.

“బావా, ఇంట్లనే ఇప్పుతా. దండం పెడత” అని ఎన్నిసార్లు అడిగానో.

“గద్దె ఏది? పాట ఎత్తెటోళ్లు ఏరి? ఇది బర్రెకు కట్టిన తాడా, నీకు యాదొచ్చినప్పుడు ఇప్పుతందుకు?” అనేవాడు.

బావకు ఎనభై నిండాయి. నిరుడు ఒకసారి స్నానాల గదిలో పడ్డాడు. ఆసుపత్రిలో ఆ దారం కత్తిరించాలంటే చెయ్యి ఇవ్వలేదు. ఈ మనిషి దీంతోనే పోతే?

సరిగ్గా ఆ తర్వాతే, షూటింగులకు మనుషుల్ని కుదిర్చే ఒకాయన మా గల్లీ చివరి హోటల్లో నా పక్కన చాయ్ తాగుతూ, పాతకాలపు ఆటలు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఏదో సినిమాలో ఊరి రాజును గద్దె మీద కూర్చోబెట్టే సీనుందట. ఉన్నామన్నాను. ఆయనిచ్చిన కాగితం వేలు పెట్టి చదివాను. సంప్రదాయ కళాకారులు, పన్నెండు మంది, గద్దె సన్నివేశం. ఇంకేం కావాలి? రాజు వేషం మాకే అనుకున్నాను. సినిమాకు హీరో ఒకడుంటాడని నా బుర్రకు తట్టలేదు. మా ఊళ్లో గుట్టరాజంటే మా బావే మరి.

మిగిలినవాళ్లను వెతికాను. ఇద్దరు మోతీనగర్‌లో కొడుకుల దగ్గరున్నారు. ఒకాయన వెంగళరావు నగర్‌లో వాచ్‌మన్. సాయిబుగారికి చూపు మందగించింది. ఫోన్లో నా గొంతు వినగానే, “క్యా రాణీసాబ్, లారీ దిగినవా ఇప్పటికి?” అన్నాడు. ఇన్నేళ్లయినా మర్చిపోలేదు ముసలోడు. ఎలాగోలా పదకొండు మందిమి తేలాం. పన్నెండో మనిషిగా అక్కను రాయించాను.

“ఈసారి బావ గద్దెక్కుతడు అక్కా” అన్నాను.

“నువ్వుంటవా ఆ పూట?” అంది.

స్టూడియోలోకి అడుగుపెట్టాం. లోపల ఒక ఊరుంది. బావి ఉంది, చావడి ఉంది, గోడల మీద పిడకలున్నాయి. ముట్టుకుంటే అన్నీ ఉత్తవే. బావిలోకి తొంగిచూస్తే సిమెంటు నేల, దాని మీద నీలం పరదా. మధ్యలో గద్దె, అచ్చం రాయిలా రంగేశారు. గోరుతో కొడితే డబ్బా చప్పుడు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, “అయ్యో, గద్దె చెక్కదిరా!” అంది. బావ చుట్టూ తిరిగి చూశాడు. తలపాగా సర్దుకున్నాడు.

డైరెక్టర్ గారి అసిస్టెంటు, కోస్తా మాటల అమ్మాయి, చేతిలో అట్టతో వచ్చింది. “తాతగారూ, మీరందరూ గద్దె చుట్టూ నిలబడి పాడతారండీ. హీరోగారొచ్చి కూర్చుంటారు.”

“హీరో ఎవరమ్మా?” అన్నాను.

ఆ అమ్మాయి వింతగా చూసింది. “రాజు క్యారెక్టర్ ఆయనేగా అండీ.”

అదే తప్పు ఇంకోసారి చేశాను. మళ్లీ ఈ మనిషిని గద్దె దాకా తెచ్చి కింద నిలబెట్టాను. అక్క మొహం చూడలేక అటు తిరిగాను. ఇంతలో ఆ అమ్మాయి బావను పైనుంచి కిందికి చూసి, నన్ను పక్కకు పిలిచింది. “ఆ పొడుగు తాతగారు హీరోగారి హైట్‌కి సరిపోతారండీ. సార్ రావడానికి ఇంకా గంట పట్టేలా ఉంది. అప్పటిదాకా ఆయన్ని గద్దె మీద కూర్చోబెడితే లైటింగ్ చేసుకుంటాం. షూటింగ్ ఏం కాదు, ఊరికే.”

ఊరికే అట. నేను నోరు తెరిచేలోపే లైట్లు మోసే పెద్దమనిషి బావ చెయ్యి పట్టుకొని మెట్లెక్కించాడు. బావ కూర్చున్నాడు. నడుం నిలబెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టి, ముప్పై ఆరేళ్ల కింద ఎలా కూర్చున్నాడో అలాగే. మూడు వైపుల నుంచి లైట్లు ఒక్కసారే మొహం మీద పడ్డాయి.

ఆ తర్వాత జరిగింది మా ఊరివాళ్లే చెయ్యగలరు. ఇంకెవరూ అలాంటి పొరపాటు చెయ్యరు. రాజు గద్దె మీద కనబడితే చిరుతలు పట్టుకున్నవాడు పాట ఎత్తకుండా ఉండకూడదు. అది మాకు గురువు కొట్టి నేర్పిన పాఠం. వెంగళరావు నగర్ వాచ్‌మన్ కళ్లు తుడుచుకున్నాడు, చిరుతలు కొట్టాడు, పాట ఎత్తుకున్నాడు. సాయిబుగారి వేళ్లు హార్మోనియం మీద పడ్డాయి. ఎనిమిది మంది ముసలోళ్లు, మోకాళ్లు వంగనివాళ్లు, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. లైట్లవాళ్లు నవ్వుకుంటున్నారు. ఒకడు ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కెమెరా మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. అది నాకు కనబడుతూనే ఉంది.

రాణిని పిలిచారు, మొదటి పిలుపు.

నేను కదల్లేదు. ఇది ఉత్త లైటింగ్ అని నాకు ఒక్కడికే తెలుసు. ఎక్కితే బావను మోసం చేసినట్టు. ఉత్తుత్తి గద్దె మీద ఉత్తుత్తి వేళ కంకణం విప్పినట్టు. ఎక్కకపోతే? రెండో పిలుపు. బావ నా వైపు చూడలేదు. సూటిగా లైట్లలోకే చూస్తున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. జనంలోంచి అక్క ముందుకొచ్చింది. నా వైపు చూసింది, అంతే.

మూడో పిలుపు అయ్యేలోపే మెట్లెక్కేశాను. కాలు జారబోయింది. ఎడమపక్కన కూర్చున్నాను.

“ఆ రెండో తాత ఎవరండీ? అడ్డొస్తున్నాడు” అని ఎవరో అరిచారు.

“ఉండనివ్వండి, హీరోయిన్ ప్లేసుకి పనికొస్తారు” అంది ఆ అమ్మాయి.

బావ కుడిచెయ్యి నా వైపు చాపాడు. ముప్పై ఆరేళ్ల ముడి మీద ముడి. చింతగింజలా గట్టిపడింది. నా గోళ్లు ఆనడం లేదు. పాట చివరికొస్తోంది. కింద నుంచి అక్క గొంతు, స్టూడియో కప్పెగిరిపోయేలా వినబడింది, “కొరుకురా! ఉన్న పండ్లతోనన్న కొరుకు!”

కొరికాను. పసుపు, చెమట, మట్టి. తెగింది. పాట ఆగింది. సాయిబుగారు హార్మోనియం మూసి, దాని మీద తల పెట్టుకున్నాడు. బావ మణికట్టు చుట్టూ చర్మం పసిపిల్లవాడిదిలా తెల్లగా ఉంది. ఆ మనిషి ఒంటి రంగు అదని నేనెప్పుడో మర్చిపోయాను.

గంట తర్వాత హీరో వచ్చాడు. అందరికీ దండం పెట్టాడు, చెడ్డవాడేం కాదు. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, “ఇందాకటి పాట ఎత్తుకోండి తాతగారూ” అంది. బావ అక్కతో కలిసి దూరంగా నీళ్లు తాగుతున్నాడు. ఈ మాటలు ఆయన చెవిన పడలేదు, అది నా అదృష్టం.

“హో గయా బేటీ” అన్నాడు సాయిబుగారు. “అయిపోయింది. మల్ల వచ్చే ఏడు.”

“అదేంటండీ! అప్పుడు కెమెరా ఆన్ చెయ్యనేలేదు!”

“ఏడాదికి ఒక్కసారే అమ్మా. మావాళ్లు పాడరు” అన్నాను. ఆ అమ్మాయికి పాపం, ఏడుపొచ్చేసింది. ఇద్దరం డైరెక్టర్ దగ్గరికి వెళ్లాం. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన టీవీ తెర మీంచి తల ఎత్తనేలేదు.

“పాట వేరేవాళ్లతో పాడించి తర్వాత కలుపుతాం కదమ్మా. వీళ్లు నోరు కదిపితే చాలు. అంకెలు లెక్కపెట్టమను.”

తిట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. మా పాట వీళ్లకు అక్కర్లేదు! మమ్మల్ని వెతికి, పిలిచి, వ్యాన్లు పంపి తెప్పించింది నోళ్లు ఆడించడానికి. సరే, ఆడించాం. హీరో గద్దె మీద కూర్చుంటే, సాయిబుగారు కాక పది మందిమి చిరుతలు కొడుతూ, ఒకటి, రెండు, మూడు అంటూ గుండ్రంగా తిరిగాం. మోతీనగర్ ఆయనకు నలభై తర్వాత తడబాటు, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. బావ కూడా తిరిగాడు, అందరికంటే గట్టిగా లెక్కపెడుతూ. “సూపర్! ఎంత నేచురల్‌గా ఉంది!” అన్నారు. చప్పట్లు కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో చోటు చాలక మేం ముగ్గురం ఆటో ఎక్కాం. బావ మధ్యలో కూర్చున్నాడు, చెయ్యి మాటిమాటికీ తడుముకుంటూ. ఇంకో అబద్ధం మొయ్యలేననిపించింది.

“బావా, ఒక మాట. అక్కా, నువ్వు గూడ విను. నువ్వు గద్దె మీద కూసున్నప్పుడు షూటింగ్ కాలే. ఉత్త లైట్లు సరిచూసుకున్నరు. నాకు ముందే ఎరుక. చెప్పలే.”

“నాకూ ఎరుకే” అన్నాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను.

“ఎక్కిచ్చేటప్పుడే ఆ లైట్లాయన చెప్పిండు. తాతా, హీరో వచ్చేదాక జర కూసో, కదలకు అన్నడు.”

“మరి ఎట్ల కూసున్నవ్ బావా? అది ఉత్తదే కదా!”

“ఏది ఉత్తది? గద్దె ఉన్నది. పాట ఎత్తిన్రు. మీ అక్క చూస్తున్నది. కెమెరా మనదా? ఒక్కటే తెల్వదు నాకు. నువ్వు ఎక్కుతవా ఎక్కవా అని. రెండు పిలుపులైనయ్, నువ్వు రాలే. మూడోది ఎత్తుతుంటే, ఈసారి కూడ రాకుంటే ఏడికి పోదునురా అనుకున్న.”

ఆటో షేక్‌పేటలోకి తిరిగింది. ఇన్నేళ్లూ ఆయన కట్టుబాటుకు కట్టుబడ్డాడనే అనుకున్నాను. మొండి అనుకున్నాను. ఈ మనిషి నా కోసం కూర్చున్నాడు.

“ఆపు, ఆపు బిడ్డా” అన్నాడు బావ డ్రైవర్‌తో. మాంసం దుకాణం ముందు ఆగాం. బావ వట్టికాళ్లతో దిగి, కౌంటర్ ముందు నిలబడ్డాడు. దుకాణం ఆయన చూసి, “తాతా, కూరగాయలు ఆ పక్క గల్లీల” అన్నాడు.

“కండ్లు కనవడుతయ్ నాకు. కిలో కొట్టు.”

“కిలో ఎవలు తింటరు? అర్ధ కిలో చాలు” అక్క వెనకే దిగి చెంగు బిగించింది. “అరుగుతదా నీకు ఇప్పుడు?”

“కిలో అన్న. బొక్కలు ఎక్కువెయ్యి.”

“ఆ, బొక్కలు! పండ్లేడున్నయ్ కొరుకుతందుకు?”

“నా రాణి కొరుకుతది.”

అక్క పగలబడి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది, కౌంటర్ పట్టుకొని. దుకాణం ఆయన కత్తి పట్టుకొని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“మీరు దిగరా పెద్దాయనా?” అన్నాడు ఆటో డ్రైవర్.

“జర ఆగు బిడ్డా” అన్నాను. “కాళ్లు వస్తలేవు.”